సన్నగీత, లావుగీత: డ్రాయింగు తరగతిలో రేఖాభ్యాస చరిత్ర

డ్రాయింగు నేర్చుకునే విద్యార్థికి తొలి ఏడాదిలో ఇచ్చే పనుల్లో రేఖాభేదాల అభ్యాసం ఒకటి. కాగితాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిని ఒక్కో రకం గీతతో నింపడం, చేతి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ ఒకే గీతను లావుగానూ సన్నంగానూ నడపడం, వేగంగా లాగిన గీతను నిదానంగా లాగిన గీత పక్కన పెట్టి పోల్చి చూడడం, చివరికి ఆ గీతలతోనే ఒక చెంబునో ఆకునో కుర్చీనో గీయడం ఇందులోని మెట్లు. ఇప్పుడు ఫైన్ ఆర్ట్స్ కళాశాలల్లోనూ డిజైన్ సంస్థల్లోనూ ఇది మామూలు పాఠం. కానీ తరగతి గదిలో దీని వయసు నూట ఇరవై ఏళ్లకు అటూ ఇటూ మాత్రమే. అంతకు ముందు బడి కోరిన గీత వేరు: మొదలు నుంచి తుద దాకా ఒకే మందం, వణుకు లేని నడక, ఎవరు గీసినా ఒకేలా ఉండే రూపం. గీతను మార్చి మార్చి వాడడం కుంచె పట్టినవారికి, రాగిరేకు చెక్కినవారికి, బట్ట మీద కలంతో రాసినవారికి శతాబ్దాలుగా తెలుసు. ఆ పనివారి విద్య బడిలోకి ఆలస్యంగా వచ్చింది. ఏ పనిముట్టు చేతికి వచ్చింది, బడి ఎలాంటి పనివాడిని తయారుచేయాలనుకుంది అన్న రెండు విషయాలే ఈ పాఠాన్ని ఒక్కో కాలంలో ఒక్కో విధంగా తీర్చాయి.

బడికి ముందు

భారతీయ చిత్రకళా శాస్త్రాల్లో గీతకు పెద్దపీట ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం బొమ్మను ఎవరు ఏ గుణం కోసం మెచ్చుకుంటారో చెబుతూ, ఆచార్యుల మెప్పు రేఖకే అంటుంది. రసజ్ఞులు వెలుగునీడలను చూస్తారు, తక్కినవారు నగలను, రంగులను చూస్తారు. వెలుగునీడలు తెచ్చే పద్ధతికి ఆ గ్రంథం వాడిన మాట వర్తన. అది మూడు విధాలు. ఆకు ఈనెల మాదిరి గీతలతో వేసేది పత్రజం, సన్నని గీతలను దగ్గరదగ్గరగా వేసేది ఐరికం, చుక్కలతో వేసేది బిందుజం. ఈనాటి విద్యార్థి తన కాగితపు గళ్లలో నింపే అడ్డగీతల అల్లిక, సన్నగీతల వరస, చుక్కల నింపుడు ఈ మూడింటికీ దగ్గరి చుట్టాలే.

అజంతా గోడల మీద ఎర్రటి గీతతో మొదలైన రూపం చివర ముదురు గీతతో తేలుతుంది. చెంప దగ్గర పలుచబడి, కనురెప్ప దగ్గర చిక్కబడే ఆ గీత, నీడ వేయకుండానే గుండ్రదనాన్ని సూచిస్తుంది. 16వ శతాబ్దపు లేపాక్షి కప్పుచిత్రాల్లో నల్లటి హద్దుగీత అందుకు భిన్నంగా గట్టిగా, స్పష్టంగా నడుస్తుంది. కింద నేల మీద నిలబడి తలెత్తి చూసేవారికి రూపం విడివిడిగా తెలియాలంటే అలాంటి గీతే కావాలి.

శ్రీకాళహస్తి కలంకారీలో గీత మందం పూర్తిగా చేతిలో ఉంటుంది. కొన చెక్కిన వెదురు పుల్లకు ఉన్నినో గుడ్డనో ఉండగా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగునీటిని పీల్చుకుంటుంది. వేళ్లతో దాన్ని నొక్కే కొద్దీ రంగు కొనకు దిగుతుంది. నొక్కు పెరిగితే గీత లావవుతుంది, తగ్గితే సన్నబడుతుంది. గీత బట్టలోకి పాకిపోకుండా ముందుగా బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును కట్టడి చేస్తుంది. కరక్కాయలోని వగరు, ఇనుప తుక్కునూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రవంతో కలిసి నల్లగా తేలుతుంది. చింతపుల్ల బొగ్గుతో వేసిన తొలి గీతను దులిపేయవచ్చు. కలం గీతను మాత్రం తుడపలేరు. అందుకే ఈ పనిలో గీత సాధన అన్నిటికన్నా ముందు వస్తుంది. అయితే అది తండ్రి దగ్గరో గురువు దగ్గరో చూసి నేర్చుకున్న విద్య. దానికి పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు.

గీతలకు పేర్లు పెట్టి జాబితా కట్టినవారు చైనా చిత్రకారులు. కుంచె వాడకంలో ఎముక బలం ఉండాలన్న సూత్రాన్ని షియే హో సుమారు క్రీ.శ. 500 ప్రాంతంలోనే ఆరు సూత్రాల్లో రెండోదిగా చేర్చాడు. నాలుగో శతాబ్దపు గు కైజి పేరుతో నిలిచిన శైలిలో గీత పట్టుదారంలా ఒకే సన్నదనంతో సాగుతుంది. ఎనిమిదో శతాబ్దపు వు దావ్‌జి పేరు లావు సన్నాలు మారే ఉరుకు గీతకు పర్యాయమైంది. మింగ్ వంశ కాలానికి, మనుషుల బట్టల మడతలు గీసే పద్ధతులు పద్దెనిమిదిగా లెక్కకు వచ్చాయి. ఇనుప తీగ గీత, విల్లో ఆకు గీత, వెదురాకు గీత, వానపాము గీత, రేగు గింజ గీత, మేకుతల-ఎలుకతోక గీత అందులో కొన్ని. చివరి పేరు వింటేనే పని తెలుస్తుంది: కుంచెను ఒత్తి మొదలుపెట్టి, లాగుతూ తేలికచేసి, తోకలా ముగించాలి. 1679లో తొలి భాగం వెలువడిన ఆవగింజ తోట చిత్రలేఖన గ్రంథం చెట్లనూ రాళ్లనూ ఒక్కో కుంచెవేటుగా విడదీసి అచ్చులో చూపించింది. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవారికి అది ఒరవడి పుస్తకం అయింది.

వెండి ములుకు, ఈకకలం, రాగిరేకు

యూరప్‌లో కుర్రవాడి చేతికి మొదట వచ్చిన పనిముట్టు వెండి ములుకు. 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నీని రాసిన చేతిపనుల గ్రంథం ప్రకారం, చిన్న చెక్కపలకకు ఎముకల పొడిని ఉమ్మితో తడిపి పూసి, ఆరాక వెండి ములుకుతో గీయాలి. తేలికగా మొదలుపెట్టి, అదే గీత మీదుగా మళ్లీ మళ్లీ నడిచి ముదురు చేసుకోవాలి. ఎంత ఒత్తినా వెండి గీత లావెక్కదు. ముదురు కావాలంటే గీతల సంఖ్య పెంచాలి. ఆ సాధన కొంతకాలం సాగాక ఈకకలం ఇస్తారు. ఈకకలం కొన చీలి ఉంటుంది కాబట్టి ఒత్తితే విచ్చుకుని గీతను వెడల్పు చేస్తుంది. అంటే లావు సన్నాల పాఠం పుస్తకంలో లేకపోయినా పనిముట్టు మారగానే చేతికి తగిలేది.

ఈ విద్యను కొసకు తీసుకుపోయినవారు రాగిరేకు చెక్కేవారు. చెక్కుడు ఉలిని లోతుగా దింపితే అచ్చులో గీత లావుగా పడుతుంది, తేలికగా నడిపితే వెంట్రుకలా పడుతుంది. డచ్చి చెక్కుడు కళాకారుడు హెండ్రిక్ హోల్ట్సియస్ చిన్నతనంలో నిప్పుల్లో కాలి వంకరపోయిన కుడిచేత్తోనే ఉబ్బుతూ తగ్గే గీతకు కొత్త ఒడుపు తెచ్చాడు. కండలు, పట్టుబట్టలు, మబ్బులు అన్నీ ఆ గీతల వంపుతోనే తేలేవి. 1649లో ఫ్రెంచి కళాకారుడు క్లోద్ మెలాఁ క్రీస్తు ముఖాన్ని ఒకే ఒక్క గీతతో చెక్కాడు. ఆ గీత ముక్కు కొసన మొదలై సుడిలా తిరుగుతూ రేకు అంచు దాకా పోతుంది. ఎక్కడా మరో గీతను దాటదు. నీడ ఉన్నచోట లావవుతుంది, వెలుగు ఉన్నచోట సన్నబడుతుంది. కళ్లు, జుట్టు, ముళ్లకిరీటం అన్నీ మందంలోని తేడా వల్లే కనిపిస్తాయి. రేఖాభేదం గురించిన పాఠాల్లో ఈ బొమ్మను చూపించడానికి కారణం అదే.

1563లో ఫ్లోరెన్సులో చిత్రలేఖన అకాడమీ ఏర్పడ్డాక పాఠం కార్ఖానా నుంచి సంస్థకు మళ్లింది. 1608లో వెనిస్‌లో ఓదొఆర్దొ ఫియలెత్తి అచ్చువేసిన పుస్తకం కన్ను, చెవి, ముక్కు గీయడాన్ని మెట్లుమెట్లుగా చూపింది. అలాంటి ఒరవడి పుస్తకాలు తరువాతి రెండు వందల ఏళ్లు ఇళ్లలోనూ అకాడమీల్లోనూ చెలామణి అయ్యాయి. విద్యార్థి పని వాటిని నకలు తీయడం. ఆ అచ్చుబొమ్మల్లో లావు సన్నాలున్నా వాటిని అనుకరించడమే తప్ప సొంతంగా మార్చి చూడడం పాఠంలో భాగం కాలేదు.

ఒకే మందం కోరిన శతాబ్దం

18వ శతాబ్దం చివరికి రెండు మార్పులు వచ్చాయి. 1793లో జాన్ ఫ్లాక్స్‌మన్ హోమర్ కావ్యాలకు వేసిన బొమ్మలు నీడలు లేని సన్నని హద్దుగీతతో అచ్చయి యూరప్ అంతటా అనుకరణకు గురయ్యాయి. శుద్ధమైన గీత అంటే మందం మారని గీత అన్న అభిరుచి వాటితో బలపడింది. 1795లో నికొలా-జాక్ కోంతే గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చి పెన్సిలు ముల్లు చేయడం మొదలుపెట్టాడు. మట్టి పాలు పెంచితే ముల్లు గట్టిపడుతుంది, గీత లేతబడుతుంది. పెన్సిళ్లకు గట్టి, మెత్తన తరగతులు అలా వచ్చాయి. అంతకుముందు మంచి గ్రాఫైటు ఇంగ్లండులోని బారోడేల్ గనుల్లో మాత్రమే దొరికేది. ఇప్పుడు చవకైన పెన్సిలు వచ్చింది. బడిపిల్లలందరికీ డ్రాయింగు చెప్పడం వీలైంది.

అందరికీ చెప్పాలంటే అందరికీ అర్థమయ్యే క్రమం కావాలి. స్విట్జర్లాండులో పెస్తలోజీ 1803లో వెలువరించిన ‘చూపు ఓనమాలు’ అలాంటి క్రమాన్నే కట్టింది. పిల్లలు పలక మీద ముందు అడ్డగీత, నిలువుగీత, ఏటవాలు గీత, తరువాత కోణాలు, చతురస్రం, వంపులు గీయాలి. వస్తువుల బొమ్మలు ఆ తరువాతే. అక్షరాలు దిద్దడానికి కూడా ఈ గీతలే పునాది అని ఆయన నమ్మకం. కంటికీ చేతికీ కొలత నేర్పడం ఈ పద్ధతి బలం. గీతకు గుణం ఉంటుందన్న ఊహకు అందులో చోటు లేదు.

పరిశ్రమలు పెరిగిన ఇంగ్లండులో డ్రాయింగుకు మరో అక్కర వచ్చి పడింది. బట్టలు, పింగాణీ, ఇనుప సామాను తయారీలో ఫ్రెంచివారికి దీటుగా నిలవడానికి నమూనాలు గీసే పనివారు కావాలి. 1837లో లండన్‌లో ప్రభుత్వ డిజైన్ పాఠశాల పెట్టారు. 1852 తరువాత హెన్రీ కోల్, రిచర్డ్ రెడ్‌గ్రేవ్ 23 మెట్ల జాతీయ పాఠ్యక్రమం రూపొందించారు. తొలి మెట్టు పరికరాలతో గీసే జ్యామితి. రెండోది అచ్చు నమూనా చూసి చేత్తో హద్దుగీత గీయడం. ఆకు మీద ఆకు, తీగ మీద తీగ, సరిగ్గా అదే గీత వచ్చేదాకా వారాల తరబడి దిద్దాలి. సౌత్ కెన్సింగ్టన్ పద్ధతిగా పేరుపడిన ఈ క్రమం బ్రిటిష్ పాలన ఉన్న చోటల్లా పాకింది. అమెరికాలోని మసాచుసెట్స్ 1870లో పట్టణాల్లో డ్రాయింగు బోధనకు చట్టం చేసి, మరుసటి ఏడాది ఇంగ్లండు నుంచి వాల్టర్ స్మిత్‌ను పిలిపించుకుని అదే బాట పట్టింది.

తెలుగు జిల్లాలకు ఈ పద్ధతి మద్రాసు నుంచి వచ్చింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు సొంతంగా పెట్టిన కళాపాఠశాలను కొన్నేళ్లకే ప్రభుత్వం తీసుకుంది. కుండల పని, చెక్కుడు పని, డ్రాయింగు అక్కడి పాఠాలు. కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో ఇలాంటి బడులే వెలిశాయి. అక్కడ చదివినవారికి దొరికే ఉద్యోగాలు డ్రాఫ్ట్స్‌మన్, డ్రాయింగు మాస్టారు, అచ్చుపనివాడు. మందం మారని శుభ్రమైన గీత ఆ కొలువులకు అర్హత. ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్, మోడల్ డ్రాయింగ్, జ్యామితి డ్రాయింగ్ వంటి విషయాలతో సాగిన మద్రాసు ప్రభుత్వ సాంకేతిక పరీక్షల వారసత్వమే ఈనాటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగే డ్రాయింగు లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షల్లో కనిపిస్తుంది.

ఈ క్రమాన్ని గట్టిగా ఎదిరించినవాడు జాన్ రస్కిన్. లండన్ శ్రామికుల కళాశాలలో డ్రాయింగు చెప్పిన అనుభవంతో 1857లో ఆయన రాసిన ‘డ్రాయింగు మూలాంశాలు’ హద్దుగీతతో మొదలుకాదు. ప్రకృతిలో హద్దుగీత లేదు, వెలుగునీడల పట్టీలే ఉన్నాయి అన్నది ఆయన వాదం. అందుకే తొలి అభ్యాసం ఒక చతురస్రాన్ని కలం గీతలతో సమానమైన బూడిదరంగు వచ్చేలా నింపడం. చెట్టు కొమ్మలో, కొండ చరియలో, అలలో పెరుగుదలనూ గతినీ చెప్పే ముఖ్యరేఖలను వెతికి పట్టుకోవాలని కూడా ఆయన బోధించాడు. గీత వస్తువు అంచును మాత్రమే కాక దాని నడతను చెబుతుందన్న ఆలోచన బడి చరిత్రలో ఇక్కడ తొంగిచూసింది.

కుంచె తరగతిలోకి వచ్చింది

మార్పు జపాన్ వైపు నుంచి వచ్చింది. పాశ్చాత్య పద్ధతిలో పెన్సిలు డ్రాయింగు చెబుతున్న జపాన్ బడుల్లో కుంచెను తిరిగి తేవాలని 1880ల మధ్యలో ప్రభుత్వ సంఘం ఒకటి సూచించింది. అందులో ఒకకురా కకుజో, అమెరికన్ పండితుడు ఎర్నెస్ట్ ఫెనొలోసా ఉన్నారు. ఫెనొలోసా తరువాత బోస్టన్ మ్యూజియంలో జపాన్ కళావిభాగం చూశాడు. 1891లో అక్కడ ఆయనను కలిసిన ఆర్థర్ వెస్లీ డౌ అనే చిత్రకారుడు 1899లో ‘కంపొజిషన్’ అనే పాఠ్యపుస్తకం ప్రచురించాడు. అందులో చిత్రకళకు మూలాలు మూడు: గీత, నలుపు తెలుపుల పొందిక, రంగు. క్రమంలో గీతదే తొలి స్థానం.

డౌ అభ్యాసాలు ఈనాటి ప్రాజెక్టుకు చాలా దగ్గరగా ఉంటాయి. జపాన్ కుంచెను నిటారుగా పట్టుకుని, మణికట్టు కాగితం మీద ఆనించకుండా, మోచేతినీ భుజాన్నీ కదుపుతూ నిదానంగా గీత లాగాలి. ముందు వరసగా తిన్నని గీతలు, తరువాత వంపులు, తరువాత ఒకే చతురస్రాన్ని రకరకాలుగా విభజించే గీతలు. ఒకే విషయాన్ని అనేక విధాలుగా గీసి, వాటిలో ఏది బాగుందో ఎంచుకోవడం ఆయన పద్ధతికి ఆయువుపట్టు. నమూనాకు ఎంత దగ్గరగా వచ్చిందన్న ప్రశ్న స్థానంలో ఈ రెంటిలో ఏది మేలు, ఎందుకు మేలు అన్న ప్రశ్న వచ్చింది. డౌ 1904 నుంచి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చాడు. అందువల్ల ఈ పాఠం అమెరికా బడుల్లో త్వరగా వ్యాపించింది. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ ఆయన శిష్యురాలే.

కుంచె గాలి ఇదే కాలంలో బెంగాల్‌కూ వీచింది. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామ తైకాన్, హిషిద షున్సో కలకత్తా వచ్చారు. తరువాత అరై కంపో జోడాసాంకోలోని ఠాగూర్ల ఇంట్లో కుంచె పని నేర్పాడు. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు నందలాల్ బోస్ 1909-11 మధ్య అజంతా చిత్రాలకు నకళ్లు తీసిన బృందంలో ఉన్నాడు. అజంతా గీత, తూర్పు ఆసియా కుంచెగీత రెండూ ఆయన చేతిలో కలిశాయి. 1919లో మొదలైన శాంతినికేతన్ కళాభవనంలో ఆయన బోధన సౌత్ కెన్సింగ్టన్ క్రమానికి ఎదురు దిశలో సాగింది. విద్యార్థి ఆరుబయట తిరిగి మేకను, తాడిచెట్టును, సంతాల్ పల్లెవాసులను చూసి నాలుగు గీతల్లో పట్టుకోవాలి. నందలాల్ పోస్టుకార్డుల మీద ఆశువుగా గీసి శిష్యులకు పంపిన బొమ్మలు పాఠాలుగానే మిగిలాయి. 1930 నాటి దండియాత్ర గాంధీ లినోకట్‌లో నల్లటి నేపథ్యం మీద తెల్లగా మెరిసే కొద్ది గీతలే మనిషి నడకను నిలబెట్టాయి.

తెలుగునాట ఈ ప్రభావం రెండు దారుల్లో వచ్చింది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ పద్ధతి నేర్పాడు. అడివి బాపిరాజు అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నాడు. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి, తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళా సంఘం నెలకొల్పాడు. 1925లో ఇరవై ఎనిమిదో ఏట కన్నుమూసిన ఆయన బొమ్మల్లో పాశ్చాత్య నిర్మాణంతో పాటు భారతీయ రేఖ పట్టు కనిపిస్తుంది. తరువాతి తరంలో కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదు నుంచి శాంతినికేతన్ వెళ్లి నందలాల్ దగ్గర నేర్చుకుని వచ్చి, హైదరాబాదు కళాశాలలో బోధించాడు.

బౌహౌస్: గీతకు గణితం, గీతకు నడక

జర్మనీలోని వైమార్‌లో 1919లో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల ఈ అభ్యాసానికి సిద్ధాంతం ఇచ్చింది. తొలి ఆరు నెలల ప్రాథమిక శిక్షణను జోహన్నెస్ ఇట్టెన్ నడిపేవాడు. పెద్ద-చిన్న, పొడవు-పొట్టి, లావు-సన్నం, గరుకు-నునుపు వంటి వైరుధ్యాల జంటలను విద్యార్థి చేత్తో చేసి చూపాలి. పాఠం మొదట్లో వ్యాయామం, శ్వాస సాధన ఉండేవి. శరీరంలో లయ లేనిదే గీతలో లయ రాదన్నది ఇట్టెన్ నమ్మకం. ఎండిన ముళ్లమొక్కను ముందుపెట్టి దాని గుచ్చుకునే గుణాన్ని గీతలోకి తెమ్మనేవాడు.

1921లో బోధన మొదలుపెట్టిన పౌల్ క్లే తన పాఠాలకు వేల పుటల నోట్సు రాసుకున్నాడు. వాటి సారంగా 1925లో వచ్చిన చిన్న పుస్తకం ‘బోధన స్కెచ్ పుస్తకం’ గీతతోనే మొదలవుతుంది. క్లే గీతలను మూడు తరగతులుగా విడదీశాడు. గమ్యం లేకుండా తన ఇష్టాన సాగేది చేతన రేఖ. చుట్టూ తిరిగి వచ్చి ఒక ఆకారాన్ని మూసేది మధ్యమ రేఖ. రంగు నింపిన తలానికి అంచుగా మాత్రమే మిగిలేది నిష్క్రియ రేఖ. ఒకే గీత ఎలా నడిచిందన్నదాన్ని బట్టి దాని పాత్ర మారుతుందని ఈ విభజన చెబుతుంది.

1926లో వసీలీ కాండిన్‌స్కీ ‘బిందువు, రేఖ నుంచి తలం’ ప్రచురించాడు. కదిలిన బిందువు మిగిల్చిన జాడే గీత అన్నది ఆయన మొదటి మాట. ఒకే బలం నెడితే తిన్నని గీత, రెండు బలాలు వంతులవారీగా నెడితే వంకరటింకర గీత, రెండూ ఒకేసారి నెడితే వంపు. అడ్డగీతకు చల్లదనం, నిలువుగీతకు వెచ్చదనం, ఏటవాలు గీతకు రెండింటి కలయిక ఉన్నాయని ఆయన సూత్రీకరించాడు. ఈ ఉష్ణోగ్రతలను ఇవాళ ఎవరూ పరీక్షలో అడగరు. గీతకు భావం ఉందని విద్యార్థికి చెప్పే అలవాటు మాత్రం ఇక్కడి నుంచే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది.

ఈ బడికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. 1922 డిసెంబరులో కలకత్తాలో భారతీయ ప్రాచ్యకళా సంఘం నడిపిన ప్రదర్శనలో క్లే, కాండిన్‌స్కీ, ఇట్టెన్ తదితరుల పనులు ప్రదర్శించారు. అప్పట్లో శాంతినికేతన్‌లో పాఠాలు చెబుతున్న కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ దానికి వారధిగా నిలిచింది. బెంగాల్ చిత్రకారుల పనులు కూడా అదే ప్రదర్శనలో ఉన్నాయి.

1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడ్డాక దాని ఉపాధ్యాయులు చెదిరిపోయారు. జోసెఫ్ ఆల్బర్స్ అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలకు, 1950లో యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. గాలిలో గీయడం, ఎడమచేత్తో గీయడం, అక్షరాలను అద్దంలో కనిపించినట్లు తిప్పి రాయడం ఆయన తరగతిలో అభ్యాసాలు. అలవాటు పడిన చేతిని తడబాటుకు గురిచేసి కంటిని మేల్కొల్పడం వాటి ఉద్దేశం. న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో బోధించిన కిమోన్ నికొలైడిస్ మరో జంట అభ్యాసాన్ని స్థిరపరిచాడు. ఒకటి హద్దురేఖ: కాగితం వైపు చూడకుండా, పెన్సిలు కొన వస్తువునే తాకుతోందని ఊహించుకుంటూ చాలా నెమ్మదిగా గీయడం. రెండోది భంగిమ రేఖ: మనిషి ఎలా ఉన్నాడో అని చూడక, ఏం చేస్తున్నాడో చూసి కొద్ది క్షణాల్లో చుట్టేయడం. ఆయన మరణించిన మూడేళ్లకు, 1941లో వచ్చిన పుస్తకంతో ఇవి ప్రపంచమంతా వ్యాపించాయి.

1950ల్లో ఇంగ్లండులో విక్టర్ పాస్‌మోర్, రిచర్డ్ హామిల్టన్, హారీ థుబ్రన్ ఈ పాఠాలను ‘బేసిక్ డిజైన్’ పేరుతో కూర్చారు. చుక్క, గీత, తలం, రంగు అంటూ సాగే తొలి ఏడాది ఫౌండేషన్ కోర్సు అలా స్థిరపడింది. 1950లో మొదలైన బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో శాంతినికేతన్ వారసత్వం ఈ కొత్త క్రమాన్ని కలుసుకుంది. నందలాల్ శిష్యుడు కె.జి. సుబ్రమణ్యన్ అక్కడ బోధించాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులో చదివాక 1960ల్లో బరోడాలో కుడ్యచిత్రం, ముద్రణకళ నేర్చుకున్నాడు. ఆయన పేరు నిలబెట్టిన ఎచింగ్ పద్ధతిలో గీత మందాన్ని ఆమ్లం నిర్ణయిస్తుంది. రేకును ఎక్కువసేపు ఆమ్లంలో ఉంచితే గీత లోతుగా తొలుచుకుని నల్లగా అచ్చవుతుంది. త్వరగా తీస్తే లేతగా మిగులుతుంది. పల్లె మనుషుల, మేకల, చెట్ల బొమ్మల్లో ఆయన గీత ఈ రెండు కొసల మధ్య తిరుగుతుంది.

అచ్చు యంత్రం, టెక్నికల్ పెన్ను

బడి బయట కూడా లావు సన్నాల గీతకు ఒక పెద్ద పోషకుడు ఉండేవాడు. అది పత్రిక. లెటర్‌ప్రెస్ రోజుల్లో లైన్ బ్లాకు నలుపునూ తెలుపునూ మాత్రమే ముద్రించేది. బూడిదరంగు ఛాయలకు హాఫ్‌టోన్ బ్లాకు కావాలి. దానికి ఖర్చు ఎక్కువ, నాసిరకం కాగితం మీద అది అలుక్కుపోయేది. అందువల్ల వారపత్రిక బొమ్మలో దూరం, బరువు, హావభావం అన్నీ గీత మందంతోనే చెప్పాలి. బాపు బొమ్మలు తెలుగు పాఠకుడి కంటికి నేర్పిన పాఠం ఇదే. జడ వంపులో ఉబ్బి, ముక్కు కొసన తెగిపోయి, చీర కుచ్చెళ్లలో మళ్లీ చిక్కబడే గీతను చూసి నకలు తీస్తూ చేయి తిప్పుకున్న పిల్లలు తెలుగునాట ఎందరో ఉన్నారు.

ఇంజనీరింగు డ్రాయింగు మాత్రం తన దారిన సాగింది. అక్కడా గీతల్లో భేదాలున్నాయి. కాకపోతే ఒక్కో గీతకు ఒక్కటే అర్థం. కనిపించే అంచుకు లావుగీత, కనిపించని అంచుకు తునకల గీత, మధ్యాక్షానికి పొడవు-పొట్టి తునకల సన్నగీత, కొలతలకు విడవని సన్నగీత. 1953లో రోట్రింగ్ సంస్థ రాపిడోగ్రాఫ్ పెన్ను తెచ్చాక ఈ మందాలు మిల్లీమీటర్లలో బిగిశాయి. 0.25, 0.35, 0.5, 0.7, 1.0 అని సాగే వరసలో ప్రతి పెన్నూ ముందుదానికి సుమారు 1.4 రెట్లు. అంటే రెండు వర్గమూలం అన్నమాట. ఎ3 కాగితాన్ని ఎ2కు పెంచినప్పుడు పొడవు వెడల్పులు కూడా అంతే పెరుగుతాయి కాబట్టి, పెద్దదైన బొమ్మలోని గీత వరసలోని తరువాతి పెన్నుకు సరిగ్గా సరిపోతుంది. ఒకే మందం కోరిన 19వ శతాబ్దపు బడి ఆశయానికి ఇది పరాకాష్ఠ.

ఈనాటి ప్రాజెక్టు

ఫౌండేషన్ తరగతుల్లో ఇప్పుడు నడిచే రేఖాభ్యాసం ఈ పాయలన్నీ కలిసినది. సాధారణంగా అది నాలుగు మెట్లుగా సాగుతుంది. మొదటిది పనిముట్ల పరిచయం: గట్టి పెన్సిలు, మెత్తని పెన్సిలు, బొగ్గు, స్టీలు పాళీ, వెదురు కలం, కుంచె, ఫెల్ట్ పెన్ను ఒకే గీతను ఎలా మారుస్తాయో పక్కపక్కన గీసి చూడడం. రెండోది గుణాల పట్టిక: మందం, వేగం, ఒత్తిడి, దిశ, తెంపు, ఎడం వంటి వాటిని ఒక్కొక్కటిగా మార్చడం. ఒకసారి ఒక గుణాన్నే మార్చితే తేడా దేనివల్ల వచ్చిందో విద్యార్థికి తెలుస్తుంది. మూడోది ఒకే వస్తువును అనేక గీతలతో గీయడం: ఒకసారి మందం మారని గీతతో, ఒకసారి నీడవైపు లావెక్కే గీతతో, ఒకసారి హద్దు లేకుండా అడ్డగీతల అల్లికతో. నాలుగోది ఎంపిక: ఏ వస్తువుకు ఏ గీత సరిపోయిందో తోటి విద్యార్థుల ముందు పెట్టి వివరించడం.

పొరపాట్లు కూడా దాదాపు అందరిలో ఒకటిగానే ఉంటాయి. లావు సన్నాలను అలంకారంగా ఎక్కడపడితే అక్కడ చల్లడం వాటిలో మొదటిది. బరువు పడే చోట, నీడ కమ్మే చోట, ఒక రూపం మరోదాని ముందుకు వచ్చే చోట గీత లావెక్కితే దానికి అర్థం ఉంటుంది. వెలుగు తగిలే అంచున అది పలుచబడాలి, ఒక్కోచోట తెగిపోవాలి. వెంట్రుకల్లాంటి చిన్న గీతలను అతికించుకుంటూ పోవడం రెండోది. మణికట్టుతో గీసేవారిలో ఇది ఎక్కువ. డౌ చెప్పినట్లు భుజం నుంచి చేతిని కదిపితే అది తగ్గుతుంది. పట్టికలో నేర్చుకున్న గీతలను వస్తువు దగ్గరికి వచ్చేసరికి మరిచి, పాత హద్దుగీతకే మళ్లిపోవడం మూడోది. పరీక్షల కోసం ఏళ్ల తరబడి అవుట్‌లైన్ దిద్దిన చేతికి ఇది సహజం.

డిజిటల్ పలక వచ్చాక ఈ పాఠానికి కొత్త పనిముట్టు చేరింది. ఒత్తిడిని గుర్తించే ములుకు, ఎంత ఒత్తితే ఎంత మందం రావాలన్న సంబంధాన్ని అంకెలుగా దాచుకుంటుంది. గీసేవారు దాన్ని తమకు నచ్చినట్లు మార్చుకోవచ్చు, లేదా పూర్తిగా ఆపేసి మందం మారని గీతే తెచ్చుకోవచ్చు. ఉన్ని ఉండ మీద వేలి నొక్కుతో కలంకారీ పనివారు చేసే నిర్ణయాన్ని ఇక్కడ ఒక అమరిక ముందుగానే చేసి పెడుతుంది. అందువల్ల పాఠంలో కొత్త భారం చేరింది: గీత ఎక్కడ మారాలో తెలియడంతో పాటు, ఆ మార్పును చేతికి వదలాలా, యంత్రానికి అప్పగించాలా అన్నది కూడా విద్యార్థే తేల్చుకోవాలి.